గుణుపురం కుదిరింది, రాయగడ కుదరలేదు: హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, ప్రోగ్రామింగ్ భాషలు కలిసే చోటు

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీ పుస్తకంలో ఇంగ్లీషు, వారపు సంతలో సవర. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో ఇంజనీరింగో డిప్లొమానో ఐటీఐనో చదువుతున్న తెలుగు పిల్లల్లో చాలామందికి ఇది మామూలు సంగతి. బస్సు మీద ఊరి పేరు ఒడియాలో చదువుతారు, వాట్సాప్‌లో తెలుగు రాస్తారు, ల్యాబ్ రికార్డు ఇంగ్లీషులో నింపుతారు. కంప్యూటర్ చదువుకు ఈ అలవాటు ఎంత అక్కరకొస్తుందో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పరు.

మొదటి సెమిస్టరులో కంప్యూటర్ పరిచయం దాదాపు ప్రతిచోటా ఒకేలా ఉంటుంది. చేత్తో తాకగలిగేది హార్డ్‌వేర్, తాకలేనిది సాఫ్ట్‌వేర్ అని ఒక నిర్వచనం. కంప్యూటర్ల అయిదు తరాలు. ఆ తర్వాత ప్రోగ్రామింగ్ భాషల పేర్లు, వాటిని కనిపెట్టినవాళ్ల పేర్లు. ఇందులో తప్పేమీ లేదు. కానీ మూడు పాఠాలూ మూడు దారుల్లో పోతాయి. పరీక్షలో ముప్పైకి ఇరవై ఎనిమిది తెచ్చుకున్న విద్యార్థి కూడా తెర మీద తెలుగుకు బదులు చతురస్రాలు కనిపిస్తే లోపం యంత్రంలో ఉందో, ప్రోగ్రాములో ఉందో, ఫాంటులో ఉందో తేల్చలేడు. అది తేల్చగలగడమే ఈ చదువులో మొదట రావలసిన విద్య. అందుకు పెద్ద ప్రాజెక్టులు అక్కర్లేదు. ‘క’ అనే ఒక్క అక్షరాన్ని పట్టుకుని, మీట నొక్కినప్పటి నుంచి తెర మీదికి వచ్చేదాకా దాని వెంట నడిస్తే మూడు పాఠాలూ ఒకే పాఠమని తెలిసిపోతుంది.

కీబోర్డుకు ఏ భాషా రాదు

ఇంగ్లీషు ‘కె’ అని ముద్రించిన మీట నొక్కామనుకుందాం. మీటల కింద అడ్డంగా, నిలువుగా సన్నని తీగల వరసలు ఉంటాయి. కీబోర్డు లోపలి చిన్న చిప్పు ఆ వరసలను ఎడతెగకుండా తడుముతూ, ఏ అడ్డు వరస ఏ నిలువు వరసతో కలిసిందో చూస్తుంది. కలిసిన చోటును బట్టి ఒక సంఖ్య సిద్ధం చేస్తుంది. యూఎస్‌బీ కీబోర్డు ప్రమాణంలో ఆ మీట సంఖ్య 14. కంప్యూటర్ సాధారణంగా సెకనుకు వంద సార్లకు తక్కువ కాకుండా ‘ఏమైనా నొక్కారా’ అని అడుగుతూ ఉంటుంది, కీబోర్డు 14 అని జవాబిస్తుంది. అంతటితో దాని పని అయిపోయింది. తెలుగు, ఒడియా సంగతి అటుంచితే, ఇంగ్లీషు కూడా దానికి తెలియదు. మీట మీద ఉన్న ‘కె’ కేవలం రంగు.

ఆ 14 ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చాక అర్థం పుడుతుంది. అక్కడ లేఅవుట్ అనే పట్టిక ఉంటుంది. ఇంగ్లీషు లేఅవుట్ ఎంచుకుని ఉంటే 14 కాస్తా 107 అవుతుంది, అంటే చిన్న బడి ‘కె’. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకుంటే 3093 అవుతుంది, అంటే మన ‘క’. ఒడియా ఇన్‌స్క్రిప్ట్ అయితే 2837, హిందీ అయితే 2325. ఇన్‌స్క్రిప్ట్‌ను భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా రూపొందించారు కాబట్టి, ఏ లిపిలోనైనా ‘క’ అదే మీట మీద ఉంటుంది. తెలుగు టైపింగ్ వచ్చినవాడికి ఒడియా టైపింగ్ సగం వచ్చినట్టే. ఈ సరిహద్దు జిల్లాల్లో టైపింగ్ నేర్పే సంస్థలు ఈ ఒక్క సౌకర్యాన్ని సరిగా వాడుకున్నా ఎంతో మేలు జరుగుతుంది.

నొక్కిన వేలు ఒకటే, హార్డ్‌వేర్ ఇచ్చిన సంఖ్య ఒకటే, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అర్థాలు నాలుగు. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ మధ్య గీత ఎక్కడుందో ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ అరుదు. మీట నొక్కినా ఏమీ రాకపోతే కీబోర్డును అనుమానించాలి. తెలుగు రావలసిన చోట ఒడియా వస్తే కొత్త కీబోర్డు కొన్నా ఒరిగేదేమీ లేదు, లేఅవుట్ మార్చాలి. ఫోన్‌లో అయితే మీటలే లేవు. తెర మీద వేలు తగిలిన చోటు ఎక్కడో హార్డ్‌వేర్ చెబుతుంది, ఆ చోట ఏ అక్షరం బొమ్మ గీసి ఉందో కీబోర్డు యాప్ చూసుకుంటుంది. కింద యంత్రం పూర్తిగా మారినా పైకి వచ్చే సంఖ్య మాత్రం మళ్లీ 3093 మాత్రమే.

ఆ సంఖ్యలు ఎవరు పెట్టారు

ప్రపంచంలోని లిపులన్నిటిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం యూనికోడ్. దాని తొలి సంచిక 1991లో వచ్చింది. తెలుగు, ఒడియా రెండూ అందులోనే ఉన్నాయి. అదే ఏడాది భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ అనే భారతీయ ప్రమాణాన్ని ఆమోదించింది. మన లిపులన్నీ ఒకే వర్ణమాల క్రమం పాటిస్తాయన్న గమనింపు మీద ఇస్కీ నిలబడింది. యూనికోడ్ కూడా మన లిపులకు ఆ వరసనే తీసుకుంది. దాంతో ఒడియాకు 2816 నుంచి 2943 వరకు, తెలుగుకు 3072 నుంచి 3199 వరకు స్థలం దక్కింది. ఈ రెండు స్థలాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే అక్షరాలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఒడియా ‘క’ తన స్థలం మొదటి నుంచి లెక్కిస్తే 21 తర్వాత ఉంటుంది, తెలుగు ‘క’ కూడా తన చోట 21 తర్వాతే ఉంటుంది. రెండు స్థలాల మధ్య తేడా సరిగ్గా 256.

కంప్యూటర్ వాడే ద్వి సంఖ్యల్లో, అంటే 0, 1 అనే బిట్లతో రాస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. ఒడియా ‘క’ 1011 00010101. తెలుగు ‘క’ 1100 00010101. దేవనాగరి ‘క’ 1001 00010101. చివరి ఎనిమిది బిట్లు మూడింటిలోనూ ఒకటే. ముందున్న నాలుగు బిట్లు ఏ లిపో చెబుతున్నాయి, వెనకున్న ఎనిమిది ఏ అక్షరమో చెబుతున్నాయి.

మరి ఒడియా అక్షరం సంఖ్యకు 256 కలిపితే తెలుగు అక్షరం రావాలి కదా. వస్తుంది. పైథాన్ భాషలో ఇది నాలుగైదు వరసల ప్రోగ్రాము. ఆర్డ్ అనే ఫంక్షన్ అక్షరాన్ని సంఖ్యగా మారుస్తుంది, సీహెచ్ఆర్ అనే ఫంక్షన్ సంఖ్యను అక్షరంగా మారుస్తుంది. ఒక్కొక్క అక్షరాన్నీ తీసుకుని, అది 2816కు, 2943కు మధ్య ఉంటే 256 కలపాలి, లేకపోతే ముట్టుకోకుండా వదిలేయాలి. ఆ షరతు లేకపోతే మాటల మధ్య ఖాళీలు కూడా మారిపోయి వాక్యం పాడవుతుంది.

ఒడియాలో రాసిన గుణుపురం పేరు ఇస్తే ఏమవుతుందో చూద్దాం. అందులో ఏడు సంఖ్యలు ఉన్నాయి: 2839, 2881, 2851, 2881, 2858, 2881, 2864. ఒక్కోదానికి 256 కలిపితే 3095, 3137, 3107, 3137, 3114, 3137, 3120. ఇవి వరసగా గ, కొమ్ము, ణ, కొమ్ము, ప, కొమ్ము, ర. తెర మీద ‘గుణుపుర’ అని వస్తుంది. ఒడియాలో ఆ ఊరిని పిలిచేది అలాగే కాబట్టి ఫలితం నిక్కమైనదే. బరంపురం బోర్డు ఇస్తే ‘బ్రహ్మపుర’ వస్తుంది, ఒత్తులతో సహా. పర్లాకిమిడి ‘పారళాఖేముణ్డి’ అవుతుంది. మనం సున్నా పెట్టే చోట ఒడియా ‘ణ’కు ‘డ’ను కలిపి రాస్తుంది కాబట్టి కాస్త పాత గ్రాంథికంలా కనిపించినా, చదవడానికి ఇబ్బంది లేదు.

రాయగడ ఇచ్చేసరికి ప్రోగ్రాము తడబడుతుంది. ఒడియాలో ఆ పేరు రాసేటప్పుడు వాడే ‘య’ సంఖ్య 2911. దానికి 256 కలిపితే 3167. తెలుగు స్థలంలో 3167 ఖాళీ గది, అక్కడ ఏ అక్షరమూ లేదు. ఒడియాలో ‘య’ రెండు రకాలు, అందులో రెండో దానికి తెలుగులో జత లేదు. తర్వాత వచ్చే ‘డ’ కింద ఒడియాలో చుక్క ఉంటుంది. దాన్ని 2908 అనే ఒకే సంఖ్యగా రాయవచ్చు, లేదా 2849 అనే మామూలు ‘డ’, 2876 అనే చుక్క కలిపి రెండు సంఖ్యలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. ప్రోగ్రాముకు వేరు. రెండు సంఖ్యలుగా రాసి ఉంటే మనకు ‘డ’ దక్కుతుంది, దాని వెంట 3132 వస్తుంది. తెలుగుకు ఆ చుక్క గుర్తు 2021లో వచ్చిన యూనికోడ్ 14లో గానీ చేరలేదు, అంతకు ముందటి ఫాంట్లు దాన్ని చూపలేవు. ఒకే సంఖ్యగా రాసి ఉంటే ఆ ‘డ’ కూడా దక్కదు.

ఎదురు దిశలోనూ ఇదే గొడవ. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. ఒడియాలో ఆ తేడా లేదు. తెలుగు ‘ఎ’ 3086 లోంచి 256 తీసేస్తే వచ్చే 2830 ఒడియాలో ఖాళీ. ఎత్వం గుర్తు సంగతీ అంతే. అందువల్ల ‘తెలుగు’ అన్న మాటనే ఈ పద్ధతిలో ఒడియాలోకి పంపితే మొదటి అక్షరం దగ్గరే చెడుతుంది.

ఈ చిన్న ప్రోగ్రాము ప్రతి ల్యాబులోనూ మొదటి నెలలో రాయించదగినది. పనిచేసినప్పుడు సంతోషం ఇస్తుంది, అంతకంటే ముఖ్యంగా సరైన చోట చెడుతుంది. సాఫ్ట్‌వేర్ రాయడమంటే చాలావరకు ఇలాంటి రాయగడలను ముందుగా ఊహించి, ఒక్కొక్కదానికీ విడిగా దారి చూపడం. ఒడియా రెండో ‘య’ వస్తే తెలుగు ‘య’ పెట్టు, 2908 వస్తే ‘డ’ పెట్టు, విడి చుక్క వస్తే వదిలెయ్యి అని మూడు షరతులు చేర్చగానే ‘రాయగడా’ తెర మీదికి వస్తుంది.

256 కలపడం అంటే లోపల ఏం జరుగుతుంది

ప్రోగ్రాములో కూడిక అంటే ఒక్క గుర్తు. ప్రాసెసర్‌లో అదే పని ట్రాన్సిస్టర్లతో చేసిన గేట్ల మీద నడుస్తుంది. రెండు బిట్లను కలపడానికి ఎక్సార్ గేటు, యాండ్ గేటు కావాలి. ఇచ్చిన రెండింటిలో ఒక్కటి మాత్రమే 1 అయితే ఎక్సార్ 1 ఇస్తుంది, రెండూ 1 అయితేనే యాండ్ 1 ఇస్తుంది. మొదటిది కూడిక ఫలితం, రెండోది పక్క స్థానానికి పోవలసిన మిగులు.

256 అంటే తొమ్మిదో బిట్టు మాత్రమే 1. కాబట్టి ఒడియా ‘క’కు 256 కలిపేటప్పుడు కింది ఎనిమిది బిట్లు కదలవు, అక్షరం స్థానం చెక్కుచెదరదు. లిపిని చెప్పే 1011కు 1 చేరుతుంది. కుడి చివర 1, 1 కలిసి 0 అయి మిగులు 1. తర్వాతి స్థానంలో 1కి ఆ మిగులు కలిసి మళ్లీ 0, మళ్లీ మిగులు. దాని పక్కన 0కు మిగులు చేరి 1 అయి ఆగిపోతుంది. వచ్చింది 1100. ఒడియా తెలుగైంది. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం సెకనుకు 300 కోట్ల సార్లు కొట్టుకుంటుంది, ఇలాంటి కూడికకు ఒక్క కొట్టు చాలు. 1971లో ఇంటెల్ తెచ్చిన 4004 చిప్పులో ట్రాన్సిస్టర్లు సుమారు 2,300. ఇవాళ చేతిలో ఉన్న మామూలు ఫోను ప్రాసెసర్‌లో అవి వందల కోట్లలో ఉంటాయి. లెక్కలు పెరిగాయి గానీ కూడే తీరు ఇదే.

కలిపిన ఫలితం ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి దాదాపు ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి చదివి మళ్లీ నింపాలి. వర్షాకాలంలో కరెంటు పోయినప్పుడు సేవ్ చేయని రికార్డు ఎందుకు మాయమవుతుందో ఇందులోనే ఉంది. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీలో అయితే ఆవేశాన్ని బయటికి పోనివ్వని పొర మధ్య బంధిస్తారు, అందువల్ల అది కరెంటు లేకున్నా నిలుస్తుంది. కానీ ర్యామ్ కంటే చాలా నెమ్మది.

ఒకే మాటకు మూడు పొడవులు

ప్రోగ్రామింగ్ భాషలన్నీ చివరికి అదే ప్రాసెసర్‌తో పని చేయించేవే అయితే అన్ని భాషలెందుకు? ఒక్కో భాష యంత్రానికి ఒక్కో దూరంలో నిలబడి లోకాన్ని చూస్తుంది. ఆ దూరం ఎంతో చూడాలంటే ‘వికటకవి’ అన్న మాట తీసుకుంటే చాలు.

మనుషుల లెక్కలో అందులో అయిదు అక్షరాలు: వి, క, ట, క, వి. పైథాన్‌ను పొడవెంతని అడిగితే 7 అంటుంది. ‘వి’ అనేది దానికి ‘వ’, గుడి అనే రెండు సంఖ్యలు. సీ భాషను అడిగితే, మాట యూటీఎఫ్8 (యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా రాసే) పద్ధతిలో ఉంటే, 21 అంటుంది. సీ చూసేది బైట్లను, అంటే ఎనిమిదేసి బిట్ల ముక్కలను; తెలుగు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్8లో మూడు బైట్లు. 5, 7, 21: మూడూ నిజమే, మూడూ వేర్వేరు ఎత్తుల నుంచి చూసినవి.

మాటను తిరగేసి చూసి, ముందూ వెనకా ఒకేలా ఉందో లేదో చెప్పే ప్రోగ్రాము ప్రతి ల్యాబులోనూ రాయిస్తారు. ‘వికటకవి’ ఇస్తే పైథాన్ ‘లేదు’ అంటుంది! తిరగేసినప్పుడు ముందు గుడి, తర్వాత వ, క, ట, మళ్లీ క, గుడి, వ వస్తాయి. గుడి ‘వ’ను వదిలి ‘క’ మీదికి పోయింది, మొదటి గుడి ఏ అక్షరమూ లేక చుక్కల వలయం మీద వేలాడుతుంది. తెనాలి రామకృష్ణుడి బిరుదు ఎటు చదివినా ఒకటేనని చిన్నపిల్లలకూ తెలుసు. ప్రోగ్రాముకు తెలియాలంటే గుణింతాన్ని హల్లుతో కట్టి ఒకే ముక్కగా చూడమని చెప్పాలి. ఒత్తులు వచ్చేసరికి ఇది ఇంకా కష్టం. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, పైథాన్‌కు ఆరు. తెలుగు, ఒడియా వంటి లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకే ముక్కగా లెక్కించాలన్న నియమం యూనికోడ్‌లో 2023 నాటి 15.1 సంచికకు గానీ చేరలేదు.

సీ భాషను డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1972 ప్రాంతంలో తయారుచేశారు. యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రాయడానికి అది కావలసి వచ్చింది. యంత్రానికి దగ్గరగా ఉండడం దాని అవసరం, అందుకే బైట్లు లెక్కపెడుతుంది. కంపైలర్ సీ ప్రోగ్రామును ముందే యంత్రభాషలోకి మార్చేస్తుంది, కూడిక నేరుగా ప్రాసెసర్ కూడికే అవుతుంది. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ మనిషికి దగ్గరగా ఉండాలనుకుంది. దాని ప్రోగ్రామును ఇంటర్‌ప్రెటర్ అనే మరో ప్రోగ్రాము నడిపిస్తుంది, ఎక్కువమంది వాడే ఆ ఇంటర్‌ప్రెటర్ సీలోనే రాసి ఉంది. ఒక్క కూడికకు ముందు ఇవి సంఖ్యలేనా, ఫలితం ఎక్కడ పెట్టాలి వంటివన్నీ అది చూసుకోవాలి, అందుకే నెమ్మది. అయితే ఇంటెల్ ప్రాసెసర్ కోసం కంపైల్ చేసిన సీ ప్రోగ్రాము ఫోన్‌లోని ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్ మీద నడవదు. పైథాన్ ఫైలు మాత్రం ఇంటర్‌ప్రెటర్ ఉంటే రెండు చోట్లా నడుస్తుంది. ల్యాప్‌టాప్ లేని విద్యార్థి ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ వేసుకుని ఇవాళే మొదలుపెట్టవచ్చు.

ఏ భాష ముందు అన్న ప్రశ్నకు ఈ వ్యాసం జవాబు సూటిది. పైథాన్‌తో మొదలుపెట్టాలి, కానీ సీ ముట్టకుండా వదలకూడదు. 7 ఎందుకు 21 అయిందో చేత్తో చూసుకోని వాడికి మెమరీ ఎప్పటికీ పుస్తకంలోని బొమ్మగానే మిగిలిపోతుంది. భువనేశ్వర్, విశాఖ, హైదరాబాదు కోచింగ్ ప్రకటనలు ఏ భాష పేరు పెద్ద అక్షరాల్లో వేశాయన్నది దీనికి కొలమానం కాదు. ఇంగ్లీషు భయం అంతకంటే అనవసరం. 1989 ప్రమాణంలో సీకి ఉన్న కీలక పదాలు 32 మాత్రమే. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, ‘ధర’ అనీ ‘వడ్డీ’ అనీ రాసినా ప్రోగ్రాము నడుస్తుంది. నేర్చుకునేటప్పుడు ఇది గొప్ప ఊరట. నలుగురూ కలిసి చేసే పనిలో మాత్రం కటక్ సహోద్యోగి కూడా చదవగలిగే పేర్లే పెట్టాలి.

సవర లిపి దగ్గర తేలే సంగతి

గుణుపురం పరిసరాల్లో మంగే గొమాంగో 1936లో సవర భాషకు సోరంగ్ సోంపెంగ్ లిపిని రూపొందించారు. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన ఏడాదే అది. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి సవర భాష మీద జీవితకాలం పనిచేసిందీ ఈ నేల మీదే. ఆ లిపికి యూనికోడ్‌లో చోటు 2012లో, 6.1 సంచికలో దొరికింది. సంఖ్యలు 69840 దగ్గర మొదలవుతాయి.

ఆ సంఖ్య పరిమాణమే ఇక్కడ కీలకం. పదహారు బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 65,535. జావా అనే ప్రోగ్రామింగ్ భాష 1995లో వచ్చేనాటికి యూనికోడ్ పదహారు బిట్లకు మించదని అనుకున్నారు, అక్షరానికి పదహారు బిట్ల పెట్టె కట్టారు. 1996లో యూనికోడ్ 2.0 ఆ హద్దు దాటింది. అప్పటికే కట్టిన పెట్టెలు మార్చలేక, పెద్ద సంఖ్యలను రెండు పెట్టెల్లో సర్దారు. అందుకే ఒక్క సవర అక్షరం పొడవు జావాలోనూ జావాస్క్రిప్ట్‌లోనూ 2, పైథాన్ 3లో 1, యూటీఎఫ్8 బైట్లు లెక్కించే సీలో 4. తెలుగుతో మాత్రమే పరీక్షించి ‘అన్ని భాషలకూ పనిచేస్తుంది’ అని అప్పగించిన జావా ప్రోగ్రాము, సవర పేరును మధ్యలో నరికి సగం అక్షరం చూపించే ప్రమాదం ఇక్కడుంది. బరంపురంలోనో రాయగడలోనో కూర్చుని జిల్లా అవసరాలకు సాఫ్ట్‌వేర్ రాయబోయే యువతీయువకులు ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోతే, ఇంకెవరూ పట్టించుకోరు.

తెర మీద గీసేది ఎవరు

సంఖ్యలు సరిగా ఉన్నా తెర మీద బొమ్మ వేరే పని. ‘స్త్రీ’లోని ఆరు సంఖ్యలను తీసుకుని, ఏ ఒత్తు ఎక్కడ వేలాడాలో లెక్కకట్టి, ఫాంటులోని బొమ్మలను పేర్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ప్రతి ఫోన్‌లో ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఆ పొర ఒక తెలుగు అక్షరం దగ్గర కుప్పకూలింది. జ, పొల్లు, ఞ, కనిపించని విభజన గుర్తు, దీర్ఘం వరసగా వచ్చిన సందేశం అందుకుంటే చాలు, యాప్ ఆగిపోయేది. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఫోన్ చిప్పులో లోపం లేదు, యూనికోడ్‌లో లోపం లేదు, బొమ్మ పేర్చే చోట ఒక లెక్క తప్పింది.

డీటీపీ దుకాణాల్లోని పాత ఫైళ్ల కథ దీనికి తలకిందులు. తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద తెలుగు, ఒడియా బొమ్మలు గీసుకున్నాయి. అచ్చులో అందంగా ఉంటుంది, లోపల ఉన్నది మాత్రం అర్థంలేని ఇంగ్లీషు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి, ‘పర్లాకిమిడి’ అని వెతికితే దొరకదు. ఇలాంటి ఫైళ్లను యూనికోడ్‌కు మార్చే పని ఈ ప్రాంతపు విద్యార్థులకు మంచి ప్రాజెక్టు, పైగా స్థానిక పత్రికల, పెళ్లి శుభలేఖల, సంఘాల పుస్తకాల రూపంలో ముడిసరుకు ఊళ్లోనే ఉంది.

ఇంతదాకా వచ్చాక, చెడిన అక్షరాన్ని చూసి లోపం ఏ పొరలో ఉందో చెప్పడం కష్టం కాదు. ఖాళీ చతురస్రాలు కనిపిస్తే సంఖ్యలు క్షేమం, ఫాంటు లేదు. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో పదేపదే వస్తుంటే అది తెలుగే. తెలుగు ‘క’ యూటీఎఫ్8లో 224, 176, 149 అనే మూడు బైట్లు. వాటిని పాత పాశ్చాత్య పట్టికతో చదివితే 224 ఆ గీతల ‘ఎ’గా, 176 డిగ్రీ గుర్తుగా కనిపిస్తాయి. ఒడియా ‘క’కు రెండో బైటు 172, అక్కడ డిగ్రీకి బదులు వంకర గీతలాంటి తర్కశాస్త్రపు ‘కాదు’ గుర్తు వస్తుంది. ఈ గజిబిజిలో కూడా బైట్లు క్షేమమే, చదివే పట్టిక మారిస్తే అక్షరాలు తిరిగొస్తాయి.

వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే కథ వేరు. ఆ అక్షరానికి చోటు లేని పట్టికలోకి మార్చేటప్పుడు అసలు సంఖ్యను పారేసి 63 అనే ప్రశ్నార్థకం పెట్టేశారన్నమాట. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాతకాలపు ‘యూటీఎఫ్8’ అమరికకు మరో చిక్కు ఉంది. పేరుకు యూటీఎఫ్8 అయినా అది అక్షరానికి మూడు బైట్లే పట్టుకుంటుంది. తెలుగు పేర్లూ ఒడియా పేర్లూ అందులో హాయిగా ఇముడుతాయి, నాలుగు బైట్ల సవర పేరు ఇవ్వగానే కఠినమైన అమరికలో అయితే తప్పు చూపించి తిప్పిపంపుతుంది, సడలించిన అమరికలో అయితే ఆ అక్షరం దగ్గరే పేరును కత్తిరించి దాస్తుంది. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ‘యూటీఎఫ్8ఎంబీ4’ ముందుగానే అమర్చి ఉంటుంది. పాత టేబుళ్లలో ఆ మార్పు ఒక్క ఆదేశంతో చేయవచ్చు, కాకపోతే పేర్లు ఎక్కించడానికి ముందే చేయాలి. కత్తిరించి దాచిన పేరును గానీ ప్రశ్నార్థకాలైన పేరును గానీ ఏ ఫాంటూ ఏ కన్వర్టరూ వెనక్కి తేలేవు. ఆ కాగితపు దరఖాస్తు వెతికి, మళ్లీ టైపు చేయవలసిందే.